దుమ్మక్క ముక్కు

దుమ్మక్క ముక్కు పనిచేయడం మానేసి ఇరవై రోజులైంది. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదనే ఆమె అనుకుంటోంది.

మామూలు మనిషికి ముక్కు పనిచేయకపోతే కొంపలేమీ మునగవు. జలుబు చేసినప్పుడు అందరికీ వాసన పోతుంది, వారం తిరగకుండా దానంతటదే ఇంటికొస్తుంది. కానీ దుమ్మక్క వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే మనిషి. ఆమె పనిలో స్క్రూడ్రైవరు కంటే ముందు ముక్కు మిషన్ లోపలికి వెళ్తుంది. కాలిన రబ్బరు వాసన వస్తే బెల్టు జారుతోంది. పిడుగు పడ్డ తరవాతి గాలిలా ఘాటుగా ఉంటే మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగిపోయాయి. తలుపులు మూసిన గదిలో ఆరేసిన తువ్వాలులా ఉంటే, ఎవరో ఫిల్టరు కడిగి తొందరపడి తడిమీదే బిగించేశారు. ఏ వాసనా లేకుండా ఒట్టి వేడిగాలి వస్తే సంచీ నిండిపోయిందంతే. మిషన్‌కి ఏ జబ్బూ లేదు, ఇంటివాళ్ళకే బద్ధకం.

"ముక్కుకి గుడ్డ కట్టుకోవే, దుమ్మంతా లోపలికి పోతోంది" అని భర్త వెయ్యిసార్లు చెప్పాడు.

"దారి వెతుక్కునేవాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుంటారా?" అని ఆమె వెయ్యిసార్లూ అదే జవాబు చెప్పింది.

చివరికి ఆ దుమ్మే ముక్కులో దూరి పదిరోజుల జలుబైంది. ఇంటికొచ్చిన చుట్టం వెళ్తూ వెళ్తూ మన గొడుగు పట్టుకుపోయినట్టు, ఆ జలుబు వెళ్తూ వెళ్తూ వాసనని కూడా పట్టుకుపోయింది. దుమ్మక్క సబ్బు వాసన చూసింది. ఉల్లిపాయ కోసి చూసింది. కళ్ళు బొటబొటా ఏడ్చాయి గాని ముక్కుకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఆమెకి ఆ పేరు పెట్టింది ఎదురుగా గడియారాలు బాగుచేసే గడ్డమాయన. పాతికేళ్ళ కిందట ఒకరోజు ఆయన తన మిషన్ తెస్తే, ఆమె సంచీ విప్పి కళ్ళు సగం మూసుకుని, "మీ ఇంట్లో పుస్తకాల బీరువా వెనకాల గోడ చెమ్మెక్కింది, చూసుకోండి" అంది. ఆయన వెళ్ళి చూస్తే నిజంగానే గోడ అరచేయంత మేర పచ్చబడి ఉంది. "మనుషుల చేతులు చూసి జాతకం చెప్పేవాళ్ళుంటారు, ఈవిడ దుమ్ము చూసి చెప్తుంది" అన్నాడాయన. మర్నాటికి వీధంతటికీ ఆమె దుమ్మక్క అయిపోయింది. మొదట్లో ఆమెకి ఆ పేరు గొంతులో నలుసులా ఉండేది. తరవాత తరవాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పక్కకి తిరిగి చూసేది, ఎవర్నో అనుకుని.

మిషన్లు బాగుచేసే పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పద్దెనిమిదో ఏట పన్నెండంతస్తుల ఆఫీసొకదానిలో తివాచీలు శుభ్రం చేసే ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే, ఉద్యోగస్తులు రాకముందు, ఒక్కో అంతస్తుకి ఒక్కో మిషన్. కిటికీల్లోంచి లేత ఎండ వచ్చి తివాచీ మీద పలకలు పలకలుగా పరుచుకునేది. ఆ పలకల మీదుగా మిషన్ తోసుకుంటూ వెళ్తుంటే వెలుగుని ఊడ్చుకుంటూ వెళ్తున్నట్టే ఉండేది. ఒకరోజు ఏడో అంతస్తులో మిషన్ ఆగిపోయింది. స్టోరు చూసే పెద్దాయన, "పాడైంది, ఆ మూల పెట్టు" అన్నాడు. ఆ మూల అప్పటికే పది ఉన్నాయి, పెళ్ళికి రాని చుట్టాల్లా మొహాలు అటు తిప్పుకుని.

టీ తాగే విరామంలో ఆమె చెంచా కాడతో స్క్రూలు విప్పింది. గొట్టం మలుపులో ఒక జడపిన్ను అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ కాగితం ముక్కలు, వెంట్రుకలు కలిసి పిచ్చుక గూడంత ముద్ద. ముద్ద లాగేసరికి మిషన్ పెద్దగా ఊపిరి పీల్చుకుంది. ఆ నెల తిరిగేసరికి మూలనున్న పదకొండింటిలో తొమ్మిది లేచి కూర్చున్నాయి. "వీటికి రోగమేమీ లేదండీ, గొంతుకి అడ్డం పడిందంతే" అంది ఆమె. స్టోరు పెద్దాయన ఆమెని రెండోసారి పైనుంచి కిందిదాకా చూసి, తన స్క్రూడ్రైవర్ల పెట్టె తాళంచెవి ఇచ్చేశాడు.

భర్త దర్జీ. ఆమె దగ్గరికి మొదట పెళ్ళి మాటలతో రాలేదు, గొంతు నులిమేసిన మిషన్‌తో వచ్చాడు. నేలమీద తిరిగే బ్రష్ రోలరు చుట్టూ దారాలు చుట్టుకుని చుట్టుకుని రోకలంత లావయింది. ఆమె కుట్లు విప్పే చిన్న కత్తితో ఆ దారాల్ని పొర పొరగా కోస్తూ, "పైన నీలం. మొన్న చొక్కాలు కుట్టారు. దాని కింద ఎరుపు, పరదాలు కాబోలు. ఎరుపు కుట్టేటప్పుడు మీకు ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

"జ్వరం. మీకెలా తెలుసు?"

"దారం ఊరికే ఊరికే తెగింది. చెయ్యి నిలకడగా లేదు."

ఆయన నెలకి మళ్ళీ వచ్చాడు. తరవాత పదిహేను రోజులకి, తరవాత వారానికి. "మనిషన్నవాడు వారంలో ఇంత దారం రాల్చలేడు, కావాలని రాలిస్తే తప్ప" అని ఆమె అంటే, ఆయన కాదనలేదు. ఆ మాట మీదే పెళ్ళయింది.

ముందుగది ఇద్దరిదీ. కిటికీ వైపు సగం ఆయన కుట్టు మిషన్, కత్తిరించే బల్ల. గుమ్మం వైపు సగం ఆమె పనిబల్ల. మధ్యలో నేలమీద సుద్దగీత. ఆయన బట్టలకి గుర్తులు పెట్టే సుద్దతోనే ప్రతి సోమవారం గీత మళ్ళీ గీస్తాడు. ఆమె దుమ్ము అటు రాకూడదు, ఆయన దారం ఇటు రాకూడదు. ఇద్దరూ ఎన్నడూ ఆ ఒప్పందం నిలబెట్టుకోలేదు. బయట బోర్డు మాత్రం ఒక్కటే: 'ఇచ్చట బట్టలు కుట్టబడును, వాక్యూమ్ క్లీనర్లు బాగుచేయబడును.' ఒకే చెక్క మీద రెండు వరసలు.

ఈ ఇరవై రోజులుగా దుమ్మక్క ఆ రెండో వరసకేసే చూస్తోంది. ముప్పై ఏళ్ళుగా జనం ఆమె ముక్కుని నమ్మి మిషన్లు తెచ్చారు. ముక్కు లేకుండా ఆ బోర్డు కింద కూర్చోవడమంటే, కళ్ళు కనబడకుండా బండి తోలడమే. ఇప్పటికే ఇద్దరితో "చేతినిండా పనుంది, ఇంకెక్కడైనా చూపించుకోండి" అని అబద్ధమాడి పంపించేసింది. పనిబల్ల మీద స్క్రూడ్రైవర్లు వరసగా పడుకుని నిద్రపోతున్నాయి. నెలాఖరుదాకా చూద్దాం, అప్పటికీ వాసన రాకపోతే బోర్డు దించేద్దాం అనుకుంది. అయితే ఆమె వరస ఒక్కటే దించాలంటే చెక్కని రంపంతో కొయ్యాలి. ఆ రంపం సంగతి భర్తతో ఎలా ఎత్తాలో తెలియక రోజులు నెడుతోంది.

పాటల టీచరు వచ్చింది గురువారం పొద్దున్న. వీధి చివర మేడమీద ముప్పై మంది పిల్లలకి పాటలు నేర్పుతుంది. మిషన్‌ని పసిపిల్లలా చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"దుమ్మక్కా, నిన్న బాగుచేసిచ్చావు కదా, ఇది మా ఇంట్లో పాట ఎత్తుకుంది."

"ఏం పాట?"

"తడిసిన మేజోడు పాట. స్విచ్చి వేశానా, గదంతా వానాకాలం బస్సులా అయిపోయింది. పైగా లాగడం కూడా మానేసింది. గుక్క అందని పిల్లాడిలా ఊఁ ఊఁ అని మూలుగుతోంది. శనివారం పొద్దున్న పిల్లల పాటలు వినడానికి వాళ్ళ అమ్మానాన్నలొస్తున్నారు. అందరూ ఆ తివాచీ మీదే కూర్చోవాలి. మూడో వరసలో ఒకడున్నాడు, ఇంత దుమ్ము కనబడితే చాలు, పాట పాడడు, తుమ్ములతో తాళం వేస్తాడు."

దుమ్మక్కకి ఫిల్టరు గుర్తొచ్చింది. మంగళవారం ఆ ఫిల్టరు తనే కడిగి పెరట్లో తీగమీద నీడన ఆరేసింది. మామూలుగా తీసేముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ఆ రోజూ పెట్టుకుని చూసింది. ఏ వాసనా రాలేదు. రాదు గదా. ఆరిపోయిందనుకుని బిగించేసింది.

ఇప్పుడు టీచరు ముందు వంగి మిషన్ మూతి దగ్గర ముక్కు పెట్టి, "అవును, కొంచెం తడి వాసనే" అంది.

"కొంచెమా? మెట్లదాకా నాతో నడిచొచ్చింది."

"పెట్టి వెళ్ళండి. రేపు సాయంత్రం రండి."

టీచరు వెళ్ళిపోయింది. సుద్దగీత మీద, అటు రెండు కాళ్ళూ ఇటు రెండు కాళ్ళూ వేసుకున్న కుర్చీలోంచి ఒక మనిషి ఇదంతా చూస్తోంది. దుమ్మక్క అత్తగారు. ఆమెకి చెవులు పోయి పదేళ్ళు. మాట్లాడేవాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. పట్టుకోలేనిది తనే కల్పించుకుంటుంది.

అత్తగారికి వాళ్ళిద్దరి మధ్య ఏం మాటలు జరిగాయో తెలియదు గానీ, ఏం జరగలేదో తెలిసింది. కోడలు వాసన చూసేటప్పుడు కళ్ళు సగం మూసుకుంటుంది. పాతికేళ్ళుగా చూస్తోంది. ఇవాళ కళ్ళు తెరిచే ఉన్నాయి. మిషన్ మూతి దగ్గర ముక్కు పెట్టి, టీచరు మొహంలోంచి జవాబు చదివి చెప్పింది.

ఆ విద్య అత్తగారికి బాగా తెలుసు. చెవులు పోయిన కొత్తలో ఆమె రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఎవరేమన్నా వాళ్ళ మొహం చూసి "అవునవును", "మంచిది మంచిది" అంటూ నెట్టుకొచ్చింది. పక్కింటావిడ వచ్చి తన పిల్లి చచ్చిపోయిందని చెప్పుకుని ముక్కు చీదుకుంటే, జలుబు చేసిందనుకుని, "మంచిది, రెండ్రోజులు పోతే నీకే హాయిగా ఉంటుంది" అంది. పక్కింటావిడ ఏడాదిపాటు ఈ గుమ్మం తొక్కలేదు. అప్పుడు గాని గుట్టు బయటపడలేదు.

మధ్యాహ్నం అత్తగారు కోడల్ని పెరట్లోకి పిలిచింది. రెండు గుప్పిళ్ళూ ముందుకి చాపింది.

"కళ్ళు మూసుకో. వాసన చూసి చెప్పు. ఏ చేతిలో ఉల్లిపాయ, ఏ చేతిలో సబ్బు?"

"ఇదేం ఆట అత్తయ్యా, నాకు పనుంది."

పెదాలు చూసింది గాని అత్తగారు పట్టించుకోలేదు. "చెప్పవే."

దుమ్మక్క కళ్ళు మూసుకుంది. ఒక గుప్పిటి దగ్గర ఆగింది, రెండోదాని దగ్గర ఆగింది. "కుడి చేతిలో సబ్బు" అంది.

అత్తగారు రెండు గుప్పిళ్ళూ తెరిచింది. రెండిట్లోనూ ఉల్లిపాయే.

దుమ్మక్కకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పెరటి గట్టుమీద కూలబడింది.

"ఎన్నాళ్ళయింది?" అంది అత్తగారు.

దుమ్మక్క రెండు చేతుల పది వేళ్ళూ రెండుసార్లు చూపించింది.

"మావాడికి తెలుసా?"

తల అడ్డంగా ఊపింది. తరవాత అత్తగారికి ఎదురుగా తిరిగి, పెదాలు కనబడేలా నెమ్మదిగా, "ముక్కు లేకుండా నేనేం చెయ్యను అత్తయ్యా? నాకు వచ్చిందే అదొక్కటి. నెలాఖరుకి బోర్డు దించేస్తాను" అంది.

"చెవుల్లేకుండా పదేళ్ళు నీతో వేగాను. నువ్వు గొణుక్కున్నవి కూడా ఒక్కటి వదలకుండా విన్నాను. ముక్కు లేకుండా నువ్వో పెట్టెతో వేగలేవా?" అత్తగారు లేచి కొంగు బిగించింది. "పద. ఆ మూలిగేదాన్ని ఇటు తే."

అత్తగారిని మిషన్ల మీద చెయ్యి వెయ్యనివ్వడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ, "కరెంటు పెట్టె అత్తయ్యా, చెయ్యి తియ్యండి" అనే మాటే. ఆవిడ రోజంతా కొడుకు కత్తిరింపుల బల్లమీద అరచెయ్యి ఆనించుకుని కూర్చుంటుంది. ముసలితనం కదా ఆసరా కోసం అనుకునేవాళ్ళు అందరూ. అసలు సంగతి, కుట్టు మిషన్ ఎంత వేగంగా నడుస్తోందో, కొడుకు పని చేస్తున్నాడో పేపరు చదువుతున్నాడో, ఆ బల్ల చెక్కలోంచి ఆమె చేతికి తెలుస్తుంది.

దుమ్మక్క స్విచ్చి వేసింది. అత్తగారు మిషన్ వీపు మీద అరచెయ్యి పెట్టింది. నాడి చూసే వైద్యుడిలా తల పక్కకి వాల్చింది.

"మోటారుకేం కాలేదు. మావాడి కుట్టు మిషన్‌కి బేరింగు పోయినప్పుడు చెయ్యి జిల్లుమనేది, ఇది అలా లేదు. నున్నగా తిరుగుతోంది. ఊపిరాడక గింజుకుంటోంది, అంతే." చెయ్యి గొట్టం మీదికి జరిపింది. జాన జానకీ ఆగుతూ వెళ్ళింది. పిడి దగ్గరి మలుపు దాటగానే ఆగింది. "ఇదిగో. ఇటు గొట్టం బిగుసుకుంది, అటు వదులుగా ఉంది. మధ్యలో ఎవరో కూర్చున్నారు."

దుమ్మక్క స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకి, గొట్టం ఊడదీసింది. సుద్దగీత దాటి వెళ్ళి భర్త డబ్బాలోంచి ఒక పెద్ద కోటు బొత్తాం పట్టుకొచ్చి గొట్టంలో పైనుంచి వేసింది. అడ్డం లేకపోతే బొత్తాం టకటకలాడుతూ రెండో కొసన రాలాలి. రాలలేదు. చీపురు కర్ర కొసకి గుడ్డ చుట్టి రెండో వైపునుంచి మెల్లిగా నెట్టింది. ముందు బొత్తాం వచ్చింది. దాని వెనకాల బూడిదరంగు దుమ్ము దుప్పటి కప్పుకుని ఒక చిన్న మేజోడు వచ్చింది. దులిపితే పసుపుపచ్చది. బొటనవేలి దగ్గర కన్నం.

దుమ్మక్క మొహం వెలిగింది. "మేజోడు అత్తయ్యా. నిజంగా మేజోడే. అయితే ఆ వాసన దీనిదే, తప్పు నాది కాదు."

అత్తగారు మేజోడు పట్టుకుని చూసింది. పొడిగా ఉంది. మిషన్ మూత తీసి, ఫిల్టరు బయటికి లాగి, తన ముడతల చెంపకి ఆనించుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు అలా ఉంది. తరవాత దాన్ని కోడలి చెంపకి ఆనించింది.

చల్లగా తగిలింది. పైపై బట్ట ఆరినట్టే ఉంది గాని, లోపలెక్కడో మడతల్లోంచి చల్లదనం ఆగి ఆగి వస్తోంది, రాయి కింద దాక్కున్న నీళ్ళలా.

"తెలిసిందా?"

"తెలిసింది."

"మీ ఆయన పసివాడుగా ఉన్నప్పుడు వాడి గుడ్డలు ఆరాయో లేదో ఇలాగే చూసేదాన్ని. ముక్కుతో చూస్తే కుదిరేది కాదు, వాడి గుడ్డలు ఆరినా అదే వాసన, ఆరకపోయినా అదే వాసన."

"నేనిక్కడే ఉన్నానమ్మా" అన్నాడు ముందుగదిలోంచి దర్జీ. వినబడాల్సినావిడకి వినబడలేదు. వినబడకూడదనుకున్నావిడకి మాత్రం వినబడి, తమ మాటలు ఆయన ఎంతవరకు విన్నాడోనని బెంగపట్టుకుంది.

ఫిల్టరు మళ్ళీ కడిగారు. గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు లేదు, పిండటం లేదు, అరచేతుల మధ్య అద్దడమే. నీడన తీగమీద వేశారు. శుక్రవారం ఆకాశం మబ్బుపట్టి కూర్చుంది. గంటకోసారి అత్తగారో కోడలో పెరట్లోకి వెళ్ళి చెంప ఆనించి రావడం, ఎదురుపడ్డప్పుడు తల అడ్డంగా ఊపుకోవడం. దర్జీ చూసి చూసి, "ఇస్త్రీ పెట్టె వేడిగా ఉంది, ఒక్కసారి అద్దనా?" అన్నాడు.

"అది చొక్కా కాదండీ. వేడి తగిలితే ముడుచుకుపోయి పక్కల సందులొస్తాయి. ఆ సందుల్లోంచి దుమ్మంతా మోటారులోకి పోతుంది."

సాయంత్రం నాలుగింటికి కూడా మడతల్లో చల్లదనం అలాగే ఉంది. ఐదింటికి ఫిల్టరు తెచ్చి పనిబల్ల మీద పెట్టేసరికి పాటల టీచరు వచ్చింది.

దుమ్మక్క చెయ్యి ఒక్క క్షణం ఫిల్టరు మీదికి వెళ్ళింది. బిగించి ఇచ్చేస్తే రేపు ఒక్కపూట ఎలాగో గడిచిపోతుంది. కుర్చీలోంచి అత్తగారు చూస్తోంది. దుమ్మక్క చెయ్యి వెనక్కి తీసుకుని, పసుపుపచ్చ మేజోడు టీచరు చేతిలో పెట్టింది.

"మేజోడు మీ పిల్లలది. తడి మాత్రం నాది. ఆరకుండానే బిగించిచ్చాను. ఇప్పటికీ ఆరలేదు, ఇవాళ ఇవ్వలేను. ఇంకో మాట. జలుబు చేసినప్పట్నుంచి నాకు వాసన తెలియడం లేదు. మీకు ముందే చెప్పాల్సింది. ఇక మీద మిషన్ ఇక్కడికి తేవాలో వద్దో మీరే ఆలోచించుకోండి."

టీచరు మేజోడు అటూ ఇటూ తిప్పి చూసింది. "అసలేమీ తెలియడం లేదా?"

"ఏమీ."

"అయితే మా ఇంట్లో ఏం మాడిపోతోందో, ఎవరు దొంగతనంగా సిగరెట్టు కాలుస్తున్నారో, ఇక నీకు తెలియదన్నమాట."

"తెలియదు."

"హమ్మయ్య" అంది టీచరు, మనస్ఫూర్తిగా. "ఇన్నేళ్ళూ మిషన్ ఇచ్చే ముందురోజు ఇల్లంతా కడుక్కుని చచ్చేదాన్ని, నువ్వేం కనిపెడతావోనని. వీధిలో ఎవర్నైనా అడుగు. సరే గానీ, రేపు నా తివాచీ?"

"మా ఇంటి మిషన్ పట్టుకుని పొద్దున్న ఏడింటికి నేనే వస్తాను. తివాచీ నేనే చేస్తాను."

మాట ఇచ్చేశాక గాని గుర్తురాలేదు, తమ ఇంటి మిషన్ మొహం చూసి ఎన్నాళ్ళయిందో. వడ్రంగి ఇంట్లో కుర్చీకి మూడే కాళ్ళంటారు. తలుపు వెనకాల మూడు గొడుగులూ ఒక విరిగిన బొమ్మగుర్రమూ అడ్డం తీస్తే అది కనబడింది. సంచీ పగలడానికి సిద్ధంగా ఉంది. ఎవరి ఇంటి మిషన్ ఇలా ఉన్నా దుమ్మక్క వాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసేది.

"ముప్పావు వంతు నిండగానే సంచీ తియ్యాలి" అన్నాడు దర్జీ, గీతకి అవతలనుంచి. "నువ్వే అందరికీ చెప్తుంటావు."

"మీరు చొక్కాలు కుట్టుకోండి."

సంచీ మార్చింది. ఫిల్టరు కడగలేదు, కడిగితే రేపటికి ఆరదు. బయట గోడకేసి తట్టి, మెత్తటి బ్రష్‌తో గాడి గాడికీ దులిపింది. గొట్టంలో బొత్తాం వేస్తే టకటకా రాలింది. చివరికి మిషన్ని బోర్లా పడుకోబెట్టి బ్రష్ రోలరు తీసింది. దాని చుట్టూ దారాలు. తెలుపు మీద బూడిదరంగు, దానికింద ఆకుపచ్చ, ఇంకా కింద నీలం. రెండేళ్ళ చొక్కాలూ పరదాలూ పొరలు పొరలుగా పడుకుని ఉన్నాయి. కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని కొసనుంచి కోయడం మొదలెట్టింది.

"నాకు ముక్కు పనిచేయడం లేదండీ" అంది, తలెత్తకుండా.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"రెండువారాలై ఉంటుంది. ఓ కాలరు మీద ఇస్త్రీ పెట్టె మర్చిపోయాను. పొగ వచ్చిందాకా నువ్వు అరవలేదు. ఏదో అయిందనుకున్నాను. కొన్నాళ్ళు నా అదృష్టం కూడా అనుకున్నాను." దారం పంటితో తెంపాడు. "నువ్వే చెప్తావులే అని ఊరుకున్నా. ఏమంత కొంప మునిగింది? నాకు దూరపు చూపు పోలా? కళ్ళజోడు పెట్టుకున్నా. నీకు అమ్మ ఉంది."

"మీ అమ్మ ముక్కుకి పెట్టుకునేదా?"

"చెంపకి" అంది అత్తగారు, పెదాలు చూసిందో ఊరికే అందో తెలియదు.

దుమ్మక్క నవ్వుతూనే కత్తిని రోలరు లోతుకి దింపింది. అన్నిటికంటే అడుగు పొర తెగి, బిగుసుకుని ఉన్న దారాలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. వాటి మధ్యనుంచి ఏదో వచ్చింది. గాలి కాదు, వేడి కాదు. చాలా దూరంలో ఎవరో తలుపు తీసినట్టు. ఆమె కత్తి కింద పెట్టింది. ఆ దారాల ముద్దని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళు వాటంతటవే సగం మూసుకున్నాయి. అత్తగారు కుర్చీలో ముందుకి వంగింది.

దుమ్మక్క లేచింది. సుద్దగీత మీదినుంచి అడుగు వేసి, వారం దాటకుండానే చెరిగిపోయిన ఆ గీతని ఇంకొంచెం చెరిపి, కుట్టు మిషన్ దగ్గర వంగి, భర్త చేతి అంచు దగ్గర ముక్కు పెట్టింది.

"ఏమిటిది? కుట్టు వంకర పోతుంది."

"ఉండండి, చూస్తున్నాను." కాసేపు చూసింది. "నూనె. కుట్టు మిషన్ నూనె."

ఆ రోజుకి అదొక్కటే వచ్చింది. ఉల్లిపాయ దగ్గరికి పరిగెడితే రాలేదు, సబ్బు రాలేదు. సబ్బు రావడానికి ఇంకో పదిరోజులు పట్టింది, కాలిన రబ్బరుకి నెల పట్టింది. తడి తువ్వాలు వాసన ఇప్పటికీ సరిగ్గా రాదు. శనివారం తివాచీ శుభ్రంగా అయింది. మూడో వరస పిల్లాడు పాటంతా పాడాడు, చివర్లో ఒక్కటంటే ఒక్క తుమ్ము తుమ్మాడు, అదీ తాళానికే పడింది. టీచరు ఫిల్టరు ఆదివారం మధ్యాహ్నానికి ఆరింది.

బోర్డు ఎక్కడిదక్కడే ఉంది. పద్ధతి మాత్రం ఒకటి మారింది. దుమ్మక్క ఇప్పుడు మిషన్ తిరిగి ఇచ్చేముందు ఫిల్టరు తీసి తన చెంపకి ఆనించుకుంటుంది, తరవాత అత్తగారి చెంపకి, ఆ తరవాత తీసుకెళ్ళేవాళ్ళ చెంపకి. ముగ్గురూ ఊఁ అంటేగాని బిగించదు. సాయంత్రాల్లో ఆ గుమ్మం ముందు ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని, పసిపాప బుగ్గకి బుగ్గ ఆనించినట్టు ఒక ఫిల్టరుకి చెంప ఆనించి నిలబడి ఉంటారు. కొత్తవాళ్ళు చూస్తే నవ్వుతారు. వీధివాళ్ళు తమ వంతు కోసం చూస్తారు.

మొన్న గడియారాలాయన వచ్చి చెంప ముందుకి పెడితే, దుమ్మక్క ఫిల్టరు వెనక్కి లాక్కుంది.

"ఆ గడ్డంలో తడేం తెలుస్తుంది? వెళ్ళి మీ ఆవిడని పంపండి."